కెమెరా కన్నా ముందు వాన లెక్క

ఏడాదిలో ఎక్కువ కాలం కరీజో మైదానాన్ని చూసినవాళ్లు అక్కడ ఫొటో తీయడానికి ఏముందని అడుగుతారు. కాలిఫోర్నియాలో, లాస్ ఏంజెలిస్‌కు వాయవ్యంగా దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో ఉంటుందది. మైదానంలో చెట్లు చాలా అరుదు. ఎండిన గడ్డి, ఉప్పు పేరుకుని తెల్లబడిన సోడా లేక్, ఇరువైపులా మట్టిరంగు కొండలు, అంతే. కానీ వానలు బాగా పడిన ఏడాది మార్చి నెలాఖరులో అక్కడికి వెళ్తే, బట్టల అంగట్లో తానులు విప్పి పరిచినట్టు టెంబ్లర్ కొండల మీద పసుపు, ఊదా, నారింజ రంగులు కనిపిస్తాయి. పసుపు హిల్‌సైడ్ డెయిజీలది, ఊదా ఫసీలియాలది, నారింజ బ్లేజింగ్ స్టార్ పూలది. 2017లో, 2019లో, మళ్లీ 2023లో ఇలాగే పూశాయి. 2023లోనైతే ఆ రంగులు ఉపగ్రహాలు తీసిన చిత్రాల్లోకి కూడా ఎక్కాయి.

ఇలాంటి విరగబూతను అక్కడివాళ్లు సూపర్ బ్లూమ్ అంటారు. దాన్ని కెమెరాలో పట్టుకోవాలని ఎక్కడెక్కడి నుంచో ఫొటోగ్రాఫర్లు వస్తారు. శాన్ హోసే, ఫ్రీమాంట్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్లకైతే కారులో నాలుగు గంటల దూరం. దూరం పెద్ద ఇబ్బంది కాదు. ఎప్పుడు వెళ్లాలన్నదే అసలు చిక్కు. పూలు నిండుగా ఉండేది రెండు మూడు వారాలే. ఒక వారం ముందు వెళ్తే పచ్చగడ్డి, ఒక వారం ఆలస్యమైతే వాడిన కాడలు. అందుకే ఈ ప్రయాణానికి ఏర్పాట్లు మార్చిలో కాదు, అంతకుముందు శరత్కాలంలోనే, వాన కబుర్లు వినడంతో మొదలవుతాయి.

తెలుగునాట వానలు తొలకరితో మొదలవుతాయి కాబట్టి తంగేడు, గునుగు బతుకమ్మ వేళకు అందివస్తాయి. కాలిఫోర్నియాలో లెక్క వేరు. అక్కడ వేసవి పొడిగా గడిచిపోతుంది. వాన పడేది చలికాలంలో, ఎక్కువగా నవంబరుకూ మార్చికీ మధ్య. అలా తడిసిన నేలకు వసంతపు ఎండ తగిలినప్పుడు పూలు వస్తాయి. అయితే ఎంత వాన పడిందన్న ఒక్క అంకె చూసి పూలను ఊహించడం కుదరదు. శరత్కాలంలోనో, చలికాలపు తొలిరోజుల్లోనో నేల లోపలిదాకా తడిపే గట్టి వాన ఒకటి పడాలి. ఆ తర్వాత మొలకలు ఎండిపోకుండా కొన్నాళ్లకోసారి మరో జల్లు పడుతుండాలి. ఫిబ్రవరిలో వేడిగాలులు వీచకూడదు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా విరగబూత ఉండదు.

ఎడారి పూలలో చాలావాటి గింజలకు పైపొరలో మొలకెత్తకుండా ఆపే రసాయనాలుంటాయి. చిన్న జల్లుకు అవి కదలవు, మంచి వాన పడితేనే కడుక్కుపోతాయి. ఆ మాత్రం తడి అందితే మొక్క పెరిగి, పూసి, తిరిగి గింజ కట్టడానికి వీలుంటుంది. అంతకన్నా విశేషం, మంచి వాన పడిన ఏడాది కూడా గింజలన్నీ మొలవవు. కొన్ని మొలుస్తాయి, మిగతావి ఏళ్ల తరబడి మట్టిలోనే ఉండిపోతాయి. ఈ ఏటి మొలకలు కరువుకు మాడిపోయినా వంశం నిలవడానికి మొక్క పెట్టుకున్న ఏర్పాటిది. 1966లో డాన్ కోహెన్ అనే శాస్త్రవేత్త దీన్ని గణిత సూత్రంగా రాశాడు. ఆరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన లారీ వెనబుల్ 1980ల నుంచి టూసాన్ దగ్గరి ఎడారిలో ఏటేటా మొలకలు లెక్కపెట్టి, అది నిజంగా జరుగుతోందని చూపించాడు. సాలుకు సగటున రెండంగుళాల వాన పడే డెత్ వ్యాలీ కూడా ఈ ఏర్పాటుతోనే 2005లో, 2016లో పసుపు పూలతో నిండింది. 2016 పూల వెనక ఉన్నవి 2015 అక్టోబరులో కురిసిన తుఫాను వానలు.

కరువుకూ ఇందులో పాత్ర ఉంది. బయటి దేశాల నుంచి వచ్చిపడిన గడ్డి జాతులు, సహారా ఆవ లాంటి మొక్కలు వానలు పడ్డ ఏడు ముందుగా లేచి పూల మొక్కలకు చోటు లేకుండా చేస్తాయి. వరసగా రెండు మూడేళ్లు కరువొస్తే ఆ గడ్డి పలచబడుతుంది. ఆ వెంటనే గట్టి వాన పడితే స్థానిక పూలకు ఖాళీ నేల దొరుకుతుంది. 2017 పూతకు ముందు కాలిఫోర్నియా ఏళ్ల తరబడి కరువులో మగ్గింది. కరువు గురించి ఇలా రాయడం ఇబ్బందిగానే ఉన్నా, పూల చరిత్ర అదే చెబుతోంది.

ఎక్కడ ఏం పూసిందో తెలుసుకోవడానికి థియోడర్ పేన్ ఫౌండేషన్ అనే సంస్థ 1983లో ఒక ఫోన్ సేవ మొదలుపెట్టింది. మార్చి నుంచి మే దాకా ప్రతి శుక్రవారం తాజా కబురు వినిపిస్తారు. ఎడారి ఫొటోలు తీసేవాళ్లు శనివారం ఎటు బయల్దేరాలన్నది దాన్ని విని తేల్చుకుంటారు.

కరీజోలో పెట్రోలు దొరకదు, అంగడి లేదు, తాగునీళ్లు వెంట తీసుకెళ్లాల్సిందే. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. మైదానం లోపలి రోడ్లు చాలావరకు బంకమట్టివి. వాన పడితే ఆ మట్టి చక్రాలకు పట్టుకుని ఎంత పెద్ద బండినైనా నిలబెట్టేస్తుంది. పూలకోసం వాన కావాలి, వెళ్లిన రోజు మాత్రం వాన ఉండకూడదు.

ఇక కెమెరా పని. ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లకు తెల్లవారుజామున, సాయంత్రం పూట వెలుగంటే ప్రాణం. కాలిఫోర్నియా పాపీ దగ్గర ఆ అలవాటు పనికిరాదు. ఈ నారింజరంగు పూవు 1903 నుంచి ఆ రాష్ట్ర పుష్పం. చలికి, మబ్బుకు, గాలికి రేకులు ముడుచుకుంటుంది. సూర్యోదయానికే లాంకాస్టర్ దగ్గరి యాంటిలోప్ వ్యాలీ పాపీ రిజర్వుకు చేరినవాళ్లకు చుట్టిన మొగ్గలే కనిపిస్తాయి. పాపీలను ఎండెక్కాక, గాలి లేచేలోపు తీయాలి. కరీజో డెయిజీలతో ఈ బాధ లేదు. పొద్దువాలే వేళ వెలుగు పక్క నుంచి పడితే కొండల మడతలు, వాటి మీది రంగుచారలు విడివిడిగా తేలతాయి. అక్కడ దూరాన్ని దగ్గరికి లాగే టెలిఫొటో లెన్సుదే పైచేయి. ఒక కొండ వెనక ఇంకో కొండను దగ్గరికి చేర్చి రంగుల పొరలుగా చూపిస్తుంది. అందుకు పూలలోకి దిగాల్సిన పనే లేదు, రోడ్డు పక్కన ట్రైపాడ్ నిలిపితే చాలు.

పసుపు, నారింజ రంగులు కెమెరాను సులువుగా మోసగిస్తాయి. సెన్సర్‌లో ఎరుపు భాగం ముందే నిండిపోయి, తెర మీద అంతా బాగున్నట్టే ఉన్నా రేకుల గీతలు చెరిగిపోతాయి. కెమెరా చూపే ఎరుపు, ఆకుపచ్చ, నీలం గ్రాఫులను విడివిడిగా చూసి ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించాలి. రేకుల మీది మెరుపును పోలరైజర్ ఫిల్టర్ తగ్గిస్తే అసలు రంగు బయటపడుతుంది. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది కాబట్టి, దగ్గరి పూవు నుంచి దూరపు కొండ దాకా స్పష్టంగా రావాలని ఎపర్చర్ చిన్నది చేసినప్పుడు ఐఎస్ఓ పెంచుకుని షట్టర్ వేగాన్ని కాపాడుకోవాలి. కొంత నాణ్యత తగ్గినా పరవాలేదు, ఊగిపోయిన పూవును తర్వాత ఎవరూ సరిచేయలేరు.

పూల కోసమే వచ్చినవాళ్లు చాలామంది చూడకుండా వెళ్లిపోయే చోటు వాలెస్ క్రీక్ అనే వాగు. శాన్ ఆండ్రియాస్ భ్రంశరేఖ ఈ మైదానం అంచునే పోతుంది. 1857 భూకంపంలో ఇక్కడ నేల ఒక్కసారిగా దాదాపు 9 మీటర్లు పక్కకు జరిగింది. ఇలా జరుగుతూ జరుగుతూ సుమారు 3,700 ఏళ్లలో వాగు 130 మీటర్ల మేర మెలి తిరిగింది. తిన్నగా దిగుతున్న వాగు రేఖ దగ్గర చటుక్కున పక్కకు తిరిగి, కొంత దూరం పోయి, మళ్లీ దారిలో పడుతుంది. ఆ వంపుతో పాటు పూల కొండనూ ఫ్రేములోకి తెచ్చిన ఫొటోకు, ఉత్త పూల ఫొటోకు లేని బరువు వస్తుంది.

రంగులు దండిగా ఉన్న ప్రతిచోటుకూ ఇప్పుడు జనమూ దండిగానే వస్తున్నారు. 2019 మార్చిలో లేక్ ఎల్సినోర్ పట్టణం పక్కన వాకర్ కాన్యన్ కొండలు పాపీలతో నారింజరంగులోకి మారాయి. ఇన్‌స్టాగ్రామ్ చూసి వారాంతాల్లో వేలకు వేలు జనం వచ్చారు. పక్కనున్న 15వ నంబరు ఫ్రీవే స్తంభించింది. ఫొటోల కోసం కాలిబాట దిగి కొండవాలు ఎక్కినవాళ్లు, పూల మధ్య పడుకున్నవాళ్లు అడ్డదిడ్డంగా కొత్త దారులు పడేశారు. చేతులెత్తేసిన పట్టణం ఒక దశలో దారులు మూసేసింది. 2023లో మళ్లీ పూలు రాబోతున్నాయని తెలియగానే, ఫిబ్రవరిలోనే కాన్యన్‌కు తాళం వేసింది.

పూలలో కూర్చుని దిగే ఫొటో వల్ల జరిగే నష్టం ఆ ఒక్క రోజుది కాదు. కాలికింద నలిగిన మొక్క గింజ కట్టదు. ఏళ్లపాటు మట్టిలో దాగి వాన కోసం ఎదురుచూడాల్సిన గింజలవి. తొక్కుడుకు గట్టిపడిన నేలలోకి నీరూ సరిగా దిగదు. చిన్నపిల్లలకు పూలు చూపించాలని వెళ్లే కుటుంబాలు కాలిబాట మీదే మోకాళ్ల మీద కూర్చుని, కెమెరాను పూల ఎత్తుకు దించితే చాలు, పిల్లలు పూల మధ్యలో ఉన్నట్టే ఫొటో వస్తుంది.

వాన మొహం చాటేసిన ఏడాది కరీజోకు వెళ్లి లాభం లేదు. అలాంటప్పుడు శాన్ హోసే, ఫ్రీమాంట్ ఉన్న బే ఏరియావాళ్లకు రెడ్‌వుడ్ సిటీ దగ్గరి ఎడ్జ్‌వుడ్ పార్కు ఉంది. అక్కడి సర్పెంటైన్ నేలలో పోషకాలు తక్కువ, బయటి గడ్డి అంత సులువుగా బతకలేదు. అందుకే చిన్నచిన్న స్థానిక పూలు అక్కడ ఏటా మరింత నమ్మకంగా పూస్తాయి. ఒకప్పుడు ఆ స్థలంలో గోల్ఫ్ మైదానం కట్టాలనుకున్నారు. పూలను ప్రేమించే స్థానికులు ఏళ్ల తరబడి పోరాడి ఆపించారు, 1993లో అది రక్షిత స్థలమైంది. ఇప్పుడు వసంతంలో వాలంటీర్లు వెంట నడిచి ఏ పూవు ఏదో చెబుతారు. పక్క రోడ్డు మీది కార్ల పొగలోని నత్రజని ఆ నేలకు ఎరువై మళ్లీ గడ్డిని పెంచుతోందని శాస్త్రవేత్తలు గుర్తించారు. గడ్డిని కోసి అదుపులో పెట్టే పని కూడా అక్కడ సాగుతోంది.