అమెరికాలో ఒక పల్లెసీమ: చెర్రీ కౌంటీ

అమెరికా అనగానే మనలో చాలమందికి తలపుకు వచ్చేవి న్యూయార్కు మేడలు, కాలిఫోర్నియా కంపెనీలు, అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు. ఆ దేశంలోనూ పల్లెలున్నవి. ఆ పల్లెలూ ఒకనాడు పెరిగి, తరువాత తరిగినవే. అటువంటి ఒక సీమను గురించి ఈ మాసం పాఠకులకు మనవి చేయదలచినాము. మేము ఆఫీసులో పద్దులతో కాలక్షేపం చేసేవారము గనుక ముందుగా అంకెలే చెప్పుట మాకు అలవాటు. పాఠకులు ఓపికపట్టవలెను.

నెబ్రాస్కా రాష్ట్రపు ఉత్తరపు సరిహద్దున చెర్రీ కౌంటీ ఉన్నది. కౌంటీ అంటే మన జిల్లా వంటిదని అనుకోవచ్చును. పేరు విని పండ్లతోటలు ఊహించుకోనక్కరలేదు. 1881లో ఆ ప్రాంతంలో హత్యకు గురైన శామ్యూల్ చెర్రీ అనే సైనికాధికారి పేరు దీనికి పెట్టినారు. కౌంటీ ఏర్పడినది 1883లో. ముఖ్యపట్టణం వాలెంటైన్.

నేల విస్తీర్ణం సుమారు 5,960 చదరపు మైళ్లు. చెరువులు, నదులు కలిపితే ఆరువేలు దాటుతుంది. మన కొలతలో చెప్పాలంటే, 2022లో విడదీయక ముందటి చిత్తూరు జిల్లా కంటె ఇది కొంచెం పెద్దది. ఆ చిత్తూరు జిల్లాలో 2011 లెక్కల ప్రకారం 41 లక్షల 74 వేలమంది ఉన్నారు. చెర్రీ కౌంటీలో 2020 లెక్కల ప్రకారం 5,455 మంది. మన వైపు ఒక ఓ మాదిరి తిరునాళ్లకు ఒక పూట వచ్చే జనమన్నమాట! తలా ఒక చదరపు మైలు పంచినా ఇంకా నేల మిగులుతుంది. వారిలోనూ దాదాపు సగంమంది వాలెంటైన్‌లోనే ఉంటారు. మిగిలిన ఊళ్లు మరీ చిన్నవి. నెంజెల్ అనే గ్రామంలో 2010లో లెక్కకు వచ్చినవారు ఇరవైమంది.

ఇంత నేల ఉండి మనుషులు ఇంత తక్కువెందుకని అడుగవచ్చును. జవాబు ఆ నేలలోనే ఉన్నది. నెబ్రాస్కాలో సుమారు నాలుగవ వంతు, అనగా 19 వేల చదరపు మైళ్లకు పైగా, ఇసుక దిబ్బలే. దీనిని శాండ్‌హిల్స్ అంటారు. చెర్రీ కౌంటీలో అధికభాగం ఈ దిబ్బలలోనిదే. కొన్ని దిబ్బలు నాలుగువందల అడుగుల ఎత్తు, ఇరవై మైళ్ల పొడవు కూడ ఉన్నవి. అయితే ఇది ఎడారి కాదు. దిబ్బలన్నిటినీ పచ్చిక కప్పియున్నది. ఆ పచ్చిక వేళ్లే ఇసుకను పట్టి ఉంచినవి. వానచుక్క పడగానే ఇసుక దానిని తాగివేస్తుంది. తాగిన నీరు ఎక్కడికీ పోదు; అడుగున ఓగల్లాలా అనే భూగర్భ జలరాశిలో చేరుతుంది. దిబ్బల నడుమ పల్లపు చోట్ల ఆ నీరే పైకి తేలి వందలాది చెరువులైనది. ఉత్తరాన నయోబ్రారా నది ప్రవహిస్తుంది. ఎండాకాలం ఎండలు, చలికాలం మంచు రెండూ తీవ్రమే. మరొక వింత: కాలమండలాల గీత ఈ కౌంటీ మధ్యగా పోతుంది. తూర్పు భాగంలో గడియారం ఎనిమిది కొట్టినప్పుడు పడమటి భాగంలో ఏడే.

ఈ నేల మొదట లకోటా జాతివారిది. వారి సంతతివారు ఇప్పటికీ సరిహద్దుకు ఆవల, దక్షిణ డకోటా రాష్ట్రంలోని రోజ్‌బడ్ ప్రాంతంలో ఉన్నారు. 1883లో రైలుమార్గం వాలెంటైన్ చేరినది. పశువుల కామందులు వచ్చినారు, ఆ వెనుక రైతులు వచ్చినారు. 1862 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వం కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చేది. మంచి నల్లరేగడిలో అది గొప్ప ఆస్తి. ఇసుకలో అది ఏపాటి? అందుచేత మోజెస్ కిన్‌కేడ్ అనే ప్రతినిధి పూనికతో 1904లో మరొక చట్టం చేసినారు. దాని ప్రకారం పశ్చిమ నెబ్రాస్కాలో కుటుంబానికి 640 ఎకరాలు. అయిదేళ్లు అక్కడ కాపురముండి, భూమిని బాగుచేస్తే పట్టా దొరుకుతుంది.

జనం ఎగబడినారు. కలప దొరకని చోటు గనుక పచ్చిక వేళ్లతో సహా మట్టిని గడ్డలుగా పెళ్లగించి, వాటిని ఇటుకలవలె పేర్చి ఇళ్లు కట్టుకున్నారు. వంటచెరకు లేక ఎండిన ఆవుపేడ ఏరుకొని పొయ్యిలో పెట్టుకున్నారు. పిడకల పొయ్యి మన అమ్మమ్మలకే సొంతమనుకునేవారికి ఈ సంగతి తెలియవలెను.

ఆ వచ్చినవారిలో నల్లజాతి కుటుంబాలు కూడ ఉన్నవి. ఒకప్పుడు బానిసలుగా ఉన్నవారు, వారి బిడ్డలు. కొందరు బానిసత్వాన్ని తప్పించుకొని కెనడాకు పోయినవారి సంతతి. వారు 1907 ప్రాంతంలో నార్త్ లూప్ నది వెంబడి డివిటీ అనే పల్లెను నిలబెట్టుకున్నారు. బడి, చర్చి, తపాలా కార్యాలయం అన్నీ సమకూర్చుకున్నారు. ఆ రాష్ట్రంలో నల్లజాతి రైతుల పల్లెలలో అన్నిటికంటె పెద్దది, ఎక్కువకాలం నిలిచినది అదే. 1930ల నడిమికి ఆ పల్లె ఖాళీ అయినది. ఇళ్లు మట్టివి గనుక మట్టిలో కలిసినవి. 2016లో రోడ్డుప్రక్కన ఒక స్మారక ఫలకం పెట్టినారు.

ఇక జనాభా వరుస చూడండి. 1900లో 6,541. చట్టం వచ్చిన తరువాత, 1910లో 10,414. 1920లో 11,753. అదే శిఖరం. తరువాత ప్రతి లెక్కలోనూ దిగుడే. 1950లో 8,397, 2000లో 6,148, 2020లో 5,455. ఈ నూరేళ్లలోనే నెబ్రాస్కా రాష్ట్రపు జనాభా 13 లక్షల నుండి 19 లక్షల 60 వేలకు పెరిగినది. రాష్ట్రం పెరుగుతూ ఉండగా ఈ కౌంటీ సగానికి తక్కువైనది.

కారణం ఒక లెక్కలో తేలుతుంది. ఈ పచ్చిక మీద ఒక ఆవు, దాని దూడ ఏడాదిపాటు మేయవలెనంటే పది ఎకరాలకు పైగా కావలె, పదిహేను అనుకుందాము. అప్పుడు 640 ఎకరాల మీద నిలిచేవి నలభై రెండు ఆవులు. వాటితో ఒక సంసారం గట్టెక్కదు. పోనీ దున్ని పంట వేతమా అంటే, నాగలి తగిలినచోట పచ్చిక పోయి ఇసుక గాలికి లేచినది. రెండు మూడు పంటలతో నేలలో సారం హరించినది. పట్టా చేతికి రాగానే చాలామంది పొరుగున ఉన్న పెద్ద కామందుకు అమ్మి వెళ్లిపోయినారు. ఆ మీదట యంత్రాలు వచ్చినవి. పదిమంది కోసి వాములు వేసే గడ్డిని ఇద్దరు చేయగలిగినారు. నేడు మాంసానికై పెంచే ఆవుల సంఖ్యలో అమెరికా కౌంటీలన్నిటిలోనూ చెర్రీ మొదటి వరుసలోనిది. మనిషికి ఇరవై ఆవులకు తక్కువ కాదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పవలె. నాగలి వెనుదిరిగినందువల్లనే ఆ పచ్చిక దక్కినది. పచ్చిక దక్కినందువల్లనే అడుగునీరు దక్కినది. జనం ఆగిపోయి అంతా దున్నియుంటే ఈనాడు అక్కడ ఇసుక తుపానులే మిగిలేవి కాబోలు. కనుక జనాభా తగ్గడమంతా నష్టమే అనలేము.

కాని నష్టం లేదనీ అనలేము. మనుషులు తగ్గితే ముందు బడి మూతపడుతుంది, తరువాత అంగడి, తరువాత రైలు. వాలెంటైన్ మీదుగా పోయిన రైలుమార్గం 1990లలో ఎత్తివేసినారు, ఇప్పుడది కాలిబాట. చిన్న ప్రాథమిక పాఠశాలల పాలక సంఘాలను పెద్దవాటిలో కలుపుతూ 2005లో రాష్ట్రం చట్టం చేసినది. 2006లో ఓటర్లు ఆ చట్టాన్ని తిరస్కరించినారు గాని, అప్పటికే సంఘాలు రద్దయిపోయినవి.

ఈ కౌంటీలోనే కోడి అనే గ్రామమున్నది. (మన కోడి కాదు, అది ఒక మనిషి పేరు.) 2010లో అక్కడి జనం 154 మంది. ఊళ్లో పచారీ కొట్టు మూతపడి చాలా ఏళ్లయినది. ఉప్పూ పప్పూ కావాలంటే ముప్ఫై మైళ్లకు పైగా వాలెంటైన్ పోవలెను. అప్పుడు బడిపిల్లలే పూనుకున్నారు. పెద్దల సాయంతో గడ్డిమోపులు పేర్చి గోడలు కట్టి, 2013లో కొట్టు తెరిచినారు. సరుకు తెప్పించడం, లెక్కలు రాయడం, బేరం చూసుకోవడం పిల్లల వంతు. నూటయాభైమంది ఉన్న ఊరు తన పిల్లలకు ఇంతకంటె మంచి చదువు ఏమి చెప్పగలదు?

దూరదేశపు ముచ్చట ఎందుకు చెప్పినామంటే, మనమూ ఒకచోటి నుండి బయలుదేరి మరొకచోట నిలిచినవారమే. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో మన తాతముత్తాతలు ఎందుకు ఆగినారో మనలో ఎందరికి తెలుసు? డివిటీ పల్లెలో ఒక్క గోడ మిగలలేదు. అయినా అక్కడ ఎవరెవరు బ్రతికినారో తెలుస్తున్నదంటే, భూమి పట్టాలలోను జనాభా లెక్కలలోను వారి పేర్లు ఎక్కినందుకే, మనుమలు తాతల మాటలు దాచుకున్నందుకే.

కావున మా మనవి రెండు మాటలు. జనాభా లెక్కల ఉద్యోగి మీ గడపకు వచ్చినప్పుడు మాతృభాష అడుగుతాడు. ఇరుగుపొరుగు భాష మనకు ఎంత బాగా వచ్చినా, అది తెలిసిన భాషల కింద చెప్పి, మాతృభాష గడిలో తెలుగు అని రాయించండి. రాసినదీ లేనిదీ చూసుకోండి. రెండవది, ఇంట్లో పెద్దవారుంటే, ఏ ఊరి నుండి ఏ కాలాన ఎందుకు వచ్చినామో అడిగి ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి. దసరా సెలవులలో పిల్లల చేత రాయిస్తే ఇంకా మంచిది.