గోడ ముదురు రంగైతే గది ఉడుకుతుందా?

కొలకలూరులోనైనా, తెనాలి చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా వేసవి ముందు రంగులు వేయించే ఇంట్లో ఒక మాట తప్పక వస్తుంది: ముదురు నీలం వేస్తే గది ఉడికిపోతుంది, మీగడ రంగైతే చల్లగా ఉంటుంది. ఇది నమ్మి, బాగున్న నీలం గోడను గీకించి మళ్లీ పుట్టీ, ప్రైమర్, రెండు కోట్లు వేయిస్తారు. ఉన్న డబ్బు గోడకే అయిపోతుంది. డాబా మీద శ్లాబు మాత్రం నల్లగా పాచిపట్టి అలాగే మాడుతుంటుంది. దాని కిందే పెద్దవాళ్ల మంచం!

నల్లబట్ట ఎండలో త్వరగా కాగుతుంది, కాదనలేం. అయితే లోపలి గోడ మీద ఎండ ఎక్కడుంది? శ్లాబూ పడమటి గోడా పగలంతా తాగిన వేడి సాయంత్రానికి గదిలోకి దిగుతుంది. గోడ ఆ వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా వదులుతుంది. ఆ కిరణాలను వదలడంలో మామూలు గోడ రంగులన్నీ, తెలుపైనా నీలమైనా, దాదాపు ఒక్కటే. మే నెల సాయంత్రం ఒకే రంగు వేసిన పడమటి గోడ మీద ఒకసారి, నడిమి అడ్డగోడ మీద ఒకసారి అరచెయ్యి ఆనించి చూడండి. మొదటిది చురుక్కుమంటుంది.

2015 మేలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేడిని తేలిగ్గా తీసుకునే ప్రాంతం కాదిది. తెలుపు పనికొచ్చేది ఎండ పడేచోట, అంటే డాబా మీద. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల కోసం ఏకంగా ఒక విధానమే తెచ్చింది. శ్లాబుకు సున్నం కొట్టించడానికి ఏ విధానం కోసమూ ఆగనక్కర్లేదు.

ముదురు రంగు గదిని ఇరుకు చేస్తుందన్న మాటలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోవాలి. గోడలు, పైకప్పు లేతగా ఉంటే గది ఎత్తుగా కనిపిస్తుందని జర్మనీ పరిశోధకులు 2010లో తేల్చారు. పైగా నీలం వెలుతురును మింగేస్తుంది, ఒక్క కిటికీ గదిలో పట్టపగలే లైటు వేయాల్సొస్తుంది. అలాంటి గదిలో నీలాన్ని కిటికీ ఉన్న గోడకే పరిమితం చేసి, ఎదుటి గోడకు మీగడ రంగు వేస్తే వెలుతురు నిలుస్తుంది.

ఫలానా దిక్కుకు ఫలానా రంగు వేస్తే కలిసొస్తుందనడానికి ఆధారమేదీ లేదు. ముదురు రంగు చెమ్మను దాచేస్తుందన్నదీ అంతే: కాలవల పక్క ఇళ్లలో చెమ్మ ఏ రంగునైనా పొక్కిస్తుంది, ముందు నీరెక్కడం ఆపించాలి.

షేడు కార్డులో అగ్గిపెట్టెంత ముక్క చూసి తేల్చుకోకండి. రెండు రంగులనూ రెండడుగుల అట్టల మీద వేయించి, అదే గోడకు ఆనించి, పొద్దున ఒకసారి, రాత్రి ట్యూబులైటు కింద ఒకసారి చూశాకే డబ్బా కొనండి.