కొత్త డ్రైవరు – పెద్ద రోడ్డు



మా బీదరు జిల్లా రోడ్ల మీద మలుపుల దగ్గర కన్నడంలో ఒక బోర్డు కనపడుతుంది. "నిధానవాగి చలిసి" అని. నెమ్మదిగా వెళ్లండి అని దాని అర్థం. కన్నడం, తెలుగు రెండూ పిల్లలకు చెప్పేదాన్ని కాబట్టి ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు ఒక సంగతి గుర్తుకొస్తుంది. కన్నడంలో "నిధాన" అంటే నెమ్మది. అందులో దీర్ఘం పోతే "నిధన" అవుతుంది. అంటే చావు. మన తెలుగులో నిదానం అంటే నెమ్మది ఒక్కటే కాదు, తొట్రుపాటు లేకపోవడం కూడా. ఈనాటి నా ప్రసంగం ఈ రెండో అర్థం గురించి. కొత్తగా బండి నేర్చుకున్నవాళ్లకు పెద్ద రోడ్డు మీద ఆ నిదానం ఎలా వస్తుందన్నదే విషయం.

నేను కారు నేర్చుకున్నది నలభై మూడో ఏట. మా అమ్మను కంటి వైద్యానికి తరచు హైదరాబాదు తీసుకుపోవలసి వచ్చేది. భాల్కి నుంచి బీదరు ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొక బస్సు. చూపు సరిగా ఆనని మనిషిని పట్టుకుని ఎక్కించడం, దించడం చేతకాక, ఇంట్లో ఉన్న కారు నేనే నేర్చుకుందామని పూనుకున్నాను. నేర్చుకున్నాను, పరీక్షా పాసయ్యాను, లైసెన్సూ వచ్చింది. కాని ఊళ్లో మూడో గేరు దాటని నాకు పెద్ద రోడ్డు అంటే చెప్పలేనంత భయం.

ఒక ఆదివారం మా తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని హుమ్నాబాదు వైపు బయలుదేరాను. కొంత దూరం బాగానే సాగింది. ఇంతలో వెనక ఒక జీపు వచ్చి ఆపకుండా హారను కొట్టడం మొదలుపెట్టింది. నాకు కంగారు పుట్టింది. వాడికి అడ్డమవుతున్నానేమోనని సిగ్గు కూడా వేసింది. యాక్సిలరేటరు తొక్కాను. ముల్లు ఎనభై దాటింది. మలుపు తిరగగానే ఎదురుగా రోడ్డు దాటుతున్న నాలుగు ఎద్దులు! బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. కారు ఆగిపోయింది, ఇంజనూ ఆగిపోయింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. జీపు పక్కనుంచి దూసుకుపోయింది.

మా తమ్ముడు కోప్పడలేదు. కాసేపు ఊరుకుని, "అక్కా, వెనకవాడి హారను చూసి నడిపావు. ముందున్న రోడ్డు చూసి నడపలేదు," అన్నాడు. అంతకన్నా పెద్ద పాఠం నాకు ఎవరూ చెప్పలేదు.

మరునాడు పదో తరగతికి ఆ సంగతి చెప్పి ఒక లెక్క ఇచ్చాను. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లుగా మార్చాలంటే 5తో గుణించి 18తో భాగించాలని పిల్లలకు తెలుసు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. 80 అంటే 22 మీటర్లు. ఎదురుగా ఏదో కనపడి, మెదడుకు తెలిసి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి ఎంత చురుకైనవాడికైనా ఒక సెకను పడుతుందనుకుందాం. ఆ సెకనులో బండి తన వేగంతోనే పోతుంది. బ్రేకు పడ్డాక కూడా కొంత దూరం పోతుంది. ఇక్కడొక చిక్కుంది. వేగం రెట్టింపయితే బ్రేకు పట్టాక జారే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. పొడి రోడ్డు, మంచి టైర్లు, గట్టి బ్రేకులు అనుకుని లెక్క వేస్తే 40 వేగంలో కారు ఆగడానికి మొత్తం 20 మీటర్లు కావాలి. 80 వేగంలో 57 మీటర్లు. 100 వేగంలో 83 మీటర్లు. వాన పడి రోడ్డు తడిగా ఉంటే ఇంకా ఎక్కువ.

అంకెలు నోటికి వచ్చినంత మాత్రాన మనసుకు పట్టవు. అందుకని టేపు తీసుకుని అందరం ఆటస్థలంలోకి వెళ్లి ఆ దూరాలు కొలిచి సున్నంతో గీతలు గీశాం. 57 మీటర్ల గీత దగ్గర టేపు చివర పట్టుకుని నిలబడిన పిల్లవాడు వెనక్కి తిరిగి చూసి, "టీచర్, మా అన్నకు ట్రాలీ ఎంత దూరంలో కనపడి ఉంటుంది?" అని అడిగాడు.

వాళ్ల అన్నకు లైసెన్సు వచ్చి నెల కూడా కాలేదు. చెరుకు కోతల రోజులు. చీకటి పడేవేళ మోటారు సైకిలు మీద ఊరికి వస్తూ, వెనక దీపం లేకుండా రోడ్డు పక్కన నిలిపి ఉన్న చెరుకు ట్రాలీని గుద్దుకున్నాడు. ఇల్లు చేరలేదు.

ఆ రోజు పిల్లవాడికి నేను జవాబు చెప్పలేకపోయాను. తరువాత తెలుసుకున్నాను. లైటు డిమ్ములో పెడితే ముందు ముప్ఫై, నలభై మీటర్లకు మించి రోడ్డు స్పష్టంగా కనపడదు. ఎనభై వేగంలో ఆగడానికి 57 మీటర్లు కావాలి. చూపు ఆనే దూరం కన్నా ఆగే దూరం ఎక్కువైతే, ఆ తేడాలో ఏముంటే దాన్ని గుద్దుకోవలసిందే. దీపం పెట్టని ట్రాలీవాడిది తప్పే. కాని ఆ తప్పు మనం ముందుగా చూడలేం. మన వేగం మాత్రం మన చేతిలో ఉంది. కనుక కొత్తవాళ్లకు నేను చెప్పే సూత్రం ఒక్కటే. మీ కళ్లకు ఎంత రోడ్డు ఖాళీగా కనపడుతోందో, అంతలోపల ఆగగలిగిన వేగంలోనే వెళ్లండి. ధైర్యమంటే ఎంత వేగం పోగలమన్నది కాదు, ఎక్కడ ఆగగలమో తెలిసి ఉండడం.

ఇక చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కారు నడపడానికి పద్దెనిమిదేళ్లు నిండాలి. ఎల్.ఎల్.ఆర్. అని మనం అనే లెర్నరు లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చి కనీసం 30 రోజులయ్యాకే పరీక్షకు వెళ్లాలి. నేర్చుకునేటప్పుడు పక్కన లైసెన్సున్న మనిషి, బండిని ఆపగలిగేటట్టు కూర్చోవాలి. బండికి ముందు, వెనక తెల్లటి పలక మీద ఎర్రని "ఎల్" అక్షరం ఉండాలి. పలక 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు, అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గకూడదు. పేరుకు ఒక చిన్న కాగితం అంటిస్తే సరిపోదు. వెనకవాడికి దూరం నుంచే కనపడాలని ఆ కొలత. ఆ అక్షరం పెట్టుకోవడానికి సిగ్గుపడేవాళ్లను చూశాను. నామోషీ ఏమీ లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, మైనరు పిల్లవాడు బండి నడిపి నేరం జరిగితే, బండి ఇచ్చిన తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషను కూడా పన్నెండు నెలలు రద్దవుతుంది. ముద్దు చేసి తాళంచెవి ఇచ్చేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

వేగానికి హద్దులు పెట్టడం కొత్తేమీ కాదు. ఇంగ్లండులో 1865 నాటి చట్టం యంత్రపు బండి ఊళ్లో గంటకు 2 మైళ్లు, బయట 4 మైళ్లు మించకూడదంది. దాని ముందు ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నడవాలని కూడా అంది. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. మన దేశంలో 2018 ఏప్రిల్ 6 నాడు కేంద్రం ప్రకటించిన గరిష్ఠ వేగాలలో కారుకు ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద 120, మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద 100, తక్కిన రోడ్ల మీద 70 అని ఉంది. మోటారు సైకిలుకు నాలుగు వరుసల రోడ్డు మీద 80, తక్కిన చోట్ల 60. బడి దగ్గర, ఊరి దగ్గర, మలుపు దగ్గర అధికారులు ఇంకా తక్కువ అంకె పెట్టవచ్చు. రోడ్డు పక్కన బోర్డు మీద ఏ అంకె ఉంటే దాన్నే పాటించాలి.

అయితే ఒక్కటి గమనించండి. ఆ అంకె హద్దు మాత్రమే. అక్కడికి చేరి తీరాలని ఎవరూ అనలేదు. మా ప్రాంతంలో రోడ్డు మీద ఏముంటుందో మీకు తెలియనిదా? కోతల కాలంలో కందులు, సోయాబీన్ రోడ్డు మీదే ఆరబోస్తారు. చెరుకు బండ్లు బారులు తీరుతాయి. మేకల మందలు, బస్సు దిగి చూడకుండా దాటే పిల్లలు. అటువంటి చోట 70 అని బోర్డు ఉన్నా 40 చాలు. దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో పదికి ఏడు చావులకు అతివేగమే కారణంగా నమోదైంది.

మరి పెద్ద రోడ్డు భయం పోయేదెలా? అదొక వేరే పాఠమని ముందు ఒప్పుకోవాలి. బ్రిటనులో చాలా ఏళ్లు, నేర్చుకునేవాళ్లను మోటారు వే ఎక్కనిచ్చేవారు కాదు. పరీక్ష పాసయిన మరునాడే ఒంటరిగా ఎక్కవచ్చు! 2018 జూన్ 4 నుంచి గుర్తింపు ఉన్న శిక్షకుడు పక్కన ఉంటే, ఆయన కాలి కిందా బ్రేకు ఉంటే, నేర్చుకునేటప్పుడే వెళ్లనిస్తున్నారు. మన దేశంలోనూ 2021 జులైలో అమల్లోకి వచ్చిన గుర్తింపు శిక్షణ కేంద్రాల నియమాల్లో కారు శిక్షణ 29 గంటలని పెట్టారు. అందులో 21 గంటలు బండి నడపడమే. ఆ గంటల్లో పల్లె రోడ్డు, నగరం రోడ్డులాగే హైవే కూడా ఒక భాగం.

నేను చేసిన పద్ధతి చెబుతాను. మొదట ఖాళీ మైదానంలో నలభై వేగంలో వెళ్లి గట్టిగా బ్రేకు తొక్కి ఆపడం పదేపదే చేశాను. కారు ఆగుతుందన్న నమ్మకం ముందు కాలికి రావాలి. తరువాత ఆదివారాలు తెల్లవారి వెలుగు వచ్చాక, రద్దీ లేనప్పుడు, తెలిసిన బీదరు రోడ్డు మీద వెళ్లాను. నెల రోజులు ఎవరినీ దాటలేదు. ముందున్న బండి ఏదైనా చెట్టు దాటగానే ఒకటి, రెండు, మూడు అని సెకన్లు లెక్కపెట్టి, ఆ తరువాతే నేను ఆ చెట్టు దగ్గరకు చేరేటట్టు ఎడం ఉంచాను.

రెండు వరుసల రోడ్డు మీద ముందు బండిని దాటడం అన్నిటికన్నా కష్టమైన పని. 40 వేగంలో పోయే ట్రాక్టరును మీరు 60లో దాటాలంటే సుమారు తొమ్మిది సెకన్లు పడుతుంది. ఆ సమయంలో మీరు 150 మీటర్లు పోతారు. ఎదురుగా 80లో వచ్చే లారీ 200 మీటర్లు వస్తుంది. అంటే 350 మీటర్ల రోడ్డు ఖాళీగా కనపడాలి. కనపడకపోతే ట్రాక్టరు వెనకే ఉండండి.

చివరికి జహీరాబాదు దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాను. నాలుగు వరుసల రోడ్డు ఎక్కేటప్పుడు అద్దం చూసి, ఇండికేటరు వేసి, రోడ్డు మీది బండ్ల వేగానికి దగ్గరగా వచ్చి కలవాలి. అక్కడ మరీ నెమ్మది కూడా ప్రమాదమే. డివైడరు పక్క వరుసలో 40లో పోయేవాడు తక్కినవాళ్లను ఎడమవైపు నుంచి దాటేటట్టు చేస్తాడు. కొత్తవాళ్లు ఎడమ వరుసలో అరవై, డెబ్భైలో ఒకే తీరుగా వెళ్లడం మంచిది. వెనక ఎవరైనా హారను కొడితే యాక్సిలరేటరు తొక్కకండి. ఎడమవైపు ఉండి పోనివ్వండి. రాత్రి ప్రయాణం అన్నిటికన్నా ఆఖరి పాఠం.

వేగం వల్ల మిగిలేది ఎంతో కూడా పిల్లలచేత లెక్క వేయించాను. 60 కిలోమీటర్ల దూరం 80 వేగంలో 45 నిమిషాలు, 100 వేగంలో 36 నిమిషాలు. మిగిలేది తొమ్మిది నిమిషాలు. ఆ పిల్లవాడు పలక మీద ఆ తొమ్మిది అంకె చుట్టూ సున్నా చుట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు మా అమ్మను నేనే హైదరాబాదు తీసుకువెళుతున్నాను. మధ్యలో ఒకసారి ఆగి టీ తాగుతాం. హారను కొట్టేవాళ్లు ఇప్పటికీ కొడుతూనే ఉన్నారు. "వాడికేదో తొందర, పోనియ్యి బిడ్డా," అంటుంది అమ్మ. పోనిస్తాను.