43 కాస్తా 53 ఎందుకయింది?

మా నాన్న ధాన్యం కాటా వేయించేటప్పుడు ముల్లు దగ్గరే నిలబడతాడు. బస్తా తడిదా పొడిదా, గోనె బరువు తీశారా లేదా, అన్నీ అడుగుతాడు. ఈమధ్య ప్రాజెక్టు పనిలో ఒక అంకె నన్ను కంగారుపెట్టినప్పుడు ఆయనే గుర్తొచ్చాడు.

మేము చూడవలసింది పి53 అనే ప్రోటీను. కణం క్యాన్సరు దారి పట్టకుండా కాపలా కాసేవాటిలో ఇదొకటి. ఇందులో 393 అమైనో ఆమ్లాలున్నాయి. ఒక్కొక్కటి సగటున 110 డాల్టన్లు వేసుకున్నా మొత్తం 43 కిలోడాల్టన్ల పైచిలుకు వస్తుంది.

వెస్టర్న్ బ్లాట్ గురించి వినని మిత్రులకు రెండు ముక్కలు. 1979లో వెలువడిన పద్ధతి ఇది. కణాల రసాన్ని ఎస్.డి.ఎస్. అనే సబ్బులాంటి పదార్థంతో కలిపి వేడిచేసి, జెల్ గుంటల్లో పోసి కరెంటు పెడతాం. చిన్నవి ముందుకురుకుతాయి, పెద్దవి వెనకబడతాయి. తర్వాత వాటిని ఒక పలుచని పొర మీదికి ఎక్కించి, కావలసినదాన్ని యాంటీబాడీతో వెతుకుతాం. అది అంటుకున్నచోట గీతలా బ్యాండు కనిపిస్తుంది. పక్కనే బరువులు తెలిసిన మార్కరు ఉంటుంది.

మా బ్యాండు 43 దగ్గర లేదు. 53 దగ్గరుంది. పైగా 30 దగ్గర పల్చగా ఇంకొకటి! రికార్డు ఇవ్వడానికి నాలుగు రోజులే గడువు. "మార్కరు సరిగా నడవలేదని రాసేసి, కింద ముక్క కత్తిరించేద్దాంరా" అన్నాడు నా జతగాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ ఉపాయం నచ్చింది. మాష్టారు మాత్రం బొమ్మ చూసి, "దాని పేరేమిటోయ్?" అని ఊరుకున్నారు.

పేరులోనే ఉంది! జెల్‌లో 53 దగ్గర ఆగినందుకే ఆ పేరు. అసలు బరువు అంతకంటే తక్కువని తర్వాతెప్పుడో తేలింది. ప్రోలీన్ దండిగా ఉన్న ఒక భాగం మూలాన అది బరువుకు తగ్గ వేగంతో నడవదు. జెల్ తూకం వేయదన్నమాట. నడక చూసి బరువు ఊహించుకునేది మనమే.

నడక మారడానికి ఇంకా కారణాలున్నాయి. కొన్ని ప్రోటీన్లకు చక్కెర గొలుసులు తగిలి ఉంటాయి. వాటిని ఎంజైముతో కోసేస్తే బ్యాండు కిందికి దిగుతుంది. కణం తనంతట తాను చచ్చిపోయేటప్పుడు 35 దగ్గరుండే కాస్పేజ్-3 తెగి 17, 19 దగ్గర ముక్కలుగా కనిపిస్తుంది. అక్కడ చిన్న బ్యాండే అసలు కబురు. మెర్కాప్టోఇథనాల్ చాలకపోతే రెండు అణువులు విడిపోకుండా రెట్టింపు బరువు దగ్గర ఆగవచ్చు. అన్నిటికంటే మోసకారి ఇంకొకటుంది. చుంచెలుక కండరం మీద చుంచెలుక యాంటీబాడీయే వాడితే, రెండో యాంటీబాడీ వెళ్ళి ఆ కండరంలోని రక్తంలో ఉన్న యాంటీబాడీలకే అంటుకుంటుంది. వాటి పెద్ద గొలుసు 50 దగ్గర ఉంటుంది. 53 కోసం చూసేవాడు బోల్తా పడడా మరి? మేము వాడినవి మనిషి కణాలు కనుక ఆ గండం తప్పింది.

మరి ఆ 30 సంగతి? పి53 తెగిన ముక్కా, వేరే ప్రోటీనా? వరిమడిలో ఒక మొక్క ఎత్తుగా లేస్తే అది కేళీయా, అక్కడ ఎరువు ఎక్కువ పడిందా అన్నది కంకి తీస్తేగాని తేలదు. యాంటీబాడీని ముందే దాని పెప్టైడుతో కలిపి చూద్దామన్నాను. అది చాలదన్నారు మాష్టారు. యాంటీబాడీ చేతులే కట్టేస్తే సరైన బ్యాండుతోపాటు తప్పుడుదీ మాయమవుతుందట. పి53 బొత్తిగా లేని కణాలు కావాలి. హెచ్1299 అనే ఊపిరితిత్తుల క్యాన్సరు కణాలు అలాంటివే.

వాటి రసాన్ని మా రసం పక్క గుంటలో నడిపాం. 53 దగ్గర ఖాళీ! 30 దగ్గరిది మాత్రం రెండింట్లోనూ చెక్కుచెదరలేదు.

బొమ్మ మొత్తం రికార్డులో అంటించాం. 53 పక్కన పి53 అనీ, 30 పక్కన "ఇది పి53 కాదు" అనీ రాశాం. ఆ రెండోది రాసింది జతగాడే, ఎర్ర సిరాతో.