పేరున్న చోటా? పేరు పెట్టి పిలిచే చోటా?

హవాయి దీవుల్లోని హిలో నుంచి వచ్చిన ఓ అమ్మాయికి డిగ్రీలో కెమిస్ట్రీ కొరుకుడు పడలేదు. సైన్స్ మానేసి ఫ్రెంచి తీసుకుందామనుకుంది. ఆ మాట ఫ్రెంచి టీచర్ చెవిన వేస్తే, సైన్స్ వదలొద్దని ఆ టీచరే నచ్చజెప్పారు. షారన్ పానసెంకో అనే అధ్యాపకురాలు తన ప్రయోగశాలలో పని చేయనిచ్చారు. ఆ అమ్మాయే జెన్నిఫర్ డౌడ్నా. జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతికి 2020లో నోబెల్ పంచుకున్నారు. 1985లో ఆమె డిగ్రీ పూర్తి చేసింది లాస్‌ఏంజెలిస్ దగ్గరి చిన్న పొమోనా కాలేజీలో. హార్వర్డ్‌కు వెళ్లింది ఆ తర్వాత, పీహెచ్‌డీకి.

అమెరికాలో మార్చి నెలాఖరుకు అడ్మిషన్ల ఫలితాలు వచ్చేస్తాయి. చాలాచోట్ల మే 1లోగా డిపాజిట్ కట్టి సీటు ఖాయం చేసుకోవాలి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనైనా టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనైనా, తెలుగువారింట్లో ఆ నెల్లాళ్లూ ఏ కాలేజీలో చేరాలన్నదే చర్చ. ‘విలియమ్సా? అదెక్కడ? మనవాళ్లెవరైనా చదివారా?’ అని నాన్న అడుగుతాడు. బర్కిలీ అంటే గుంటూరులో ఉన్న తాతయ్యకూ తెలుసు మరి!

వెనక బెంచీ లేని క్లాసు

పొమోనా, విలియమ్స్ లాంటి చిన్న కాలేజీలను లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటారు. లిబరల్ ఆర్ట్స్ అనగానే బొమ్మలూ కవిత్వమూ అనుకుంటారు చాలామంది. లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ కూడా అందులోవే. 1793లో పుట్టిన విలియమ్స్‌లో విద్యార్థులు దాదాపు రెండు వేలు. అక్కడి ట్యుటోరియల్ క్లాసుకు ఇద్దరు విద్యార్థులు, ఒక ప్రొఫెసర్. ఒకరు వ్యాసం రాసి తెస్తారు, రెండోవారు దాన్ని తూర్పారబడతారు. మరుసటి వారం పాత్రలు మారతాయి. చదవకుండా వెళ్తే దాక్కోవడానికి చోటుండదు. బర్కిలీలో కంప్యూటర్ సైన్స్ తొలి కోర్సు సీఎస్ 61ఎకి వెయ్యి మందికి పైగా చేరిన సెమిస్టర్లున్నాయి. పెద్ద యూనివర్సిటీకి పేరు తెచ్చేది ప్రధానంగా పరిశోధన. దానికి దగ్గరగా ఉండేది పీహెచ్‌డీ విద్యార్థులు. డిగ్రీ కుర్రాడు అక్కడిదాకా చొరవగా వెళ్లి తలుపు తట్టాలి.

పీహెచ్‌డీ తర్వాత డౌడ్నా పోస్ట్‌డాక్ పరిశోధన చేసింది థామస్ చెక్ దగ్గర. 1989లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న ఆయనదీ అదే దారి: అయోవాలోని గ్రినెల్ కాలేజీలో డిగ్రీ, బర్కిలీలో పీహెచ్‌డీ. 1999లో ఆయన రాసిన వ్యాసం ప్రకారం, తలసరి లెక్కన సైన్స్ డాక్టరేట్ల దాకా వెళ్లేవారు డిగ్రీ ఇచ్చే మిగతా సంస్థలతో పోలిస్తే ఈ చిన్న కాలేజీల నుంచి దాదాపు రెట్టింపు.

జీతం మాటేమిటి?

1976లో కాలేజీల్లో చేరినవారి సంపాదనను పరిశోధకులు స్టేసీ డేల్, అలన్ క్రూగర్ పరిశీలించి 2002లో ఫలితం ప్రచురించారు. ఒకే స్థాయి కాలేజీల్లో సీట్లు వచ్చినవారిలో, మరీ గట్టి పోటీ ఉన్న చోట చేరినందువల్ల సగటున అదనపు సంపాదనేమీ కనబడలేదు. పేదింటి పిల్లలకు మాత్రం లాభం ఉంది. 2023లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం మరో కోణం చూపింది. హార్వర్డ్ లాంటి 12 సంస్థలను పేరున్న ప్రభుత్వ యూనివర్సిటీలతో పోల్చితే సగటు ఆదాయం పెద్దగా మారదు. అత్యధిక ఆదాయమున్న ఒక శాతంలో చేరే అవకాశం మాత్రం సుమారు సగం మేర పెరుగుతుంది. వాల్‌స్ట్రీట్ కలలున్న పిల్లలకు పేరు ఉత్త మోజు కాదన్నమాట.

చిన్న కాలేజీలకు చిక్కులూ ఉన్నాయి. ఎక్కువ చోట్ల ఇంజినీరింగ్ ఉండదు. స్వార్త్‌మోర్, స్మిత్ లాంటివి మినహాయింపు. నిధుల్లేనివి మూతపడుతున్నాయి కూడా: వర్మాంట్‌లో మార్ల్‌బరో 2020లో, న్యూయార్క్‌లో వెల్స్ 2024లో. విలియమ్స్‌కు నిధుల బెంగ లేదు. అవసరమున్న విద్యార్థులకు ఇచ్చే సాయంలో అప్పన్నదే లేకుండా 2022లో మొత్తం గ్రాంటుగా మార్చేసింది.

ఈ తరహా చదువు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ దొరుకుతోంది. శ్రీసిటీలోని క్రియా యూనివర్సిటీలో తొలి డిగ్రీ బ్యాచ్ 2019లో మొదలైంది.

అక్కడైనా ఇక్కడైనా డిపాజిట్ కట్టేముందు విచారించాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటి ఏడాది క్లాసులు ప్రొఫెసర్లే చెబుతారా? కోర్సుల పట్టికలో ఉన్నవన్నీ ఏటా నడుస్తాయా? వేసవిలో ల్యాబులో చోటు ఎందరికి దొరికింది? పీహెచ్‌డీ దరఖాస్తుకు మామూలుగా మూడు సిఫార్సు లేఖలు కావాలి. అవి రాయగలిగేంత దగ్గరగా తమను ఎరిగిన ప్రొఫెసర్లు ఎందరున్నారని చివరి ఏడాది విద్యార్థులనే అడగొచ్చు.