ఉద్యోగం పోయిందా? రాజీనామా పత్రంపై సంతకం పెట్టే ముందు ఇది చదవండి

ఛత్తీస్‌గఢ్ కొత్త రాజధాని నవా రాయపూర్‌లో సచివాలయం మహానది భవన్, శాఖాధిపతుల కార్యాలయాలున్న ఇంద్రావతి భవన్ ఉన్నాయి. ఇలాంటి ఆఫీసుల్లో సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, డేటా ఎంట్రీ పనులకు చాలామంది ఏజెన్సీల ద్వారా వస్తారు. అటు ఉర్లా, సిల్తారా పారిశ్రామికవాడల్లోనూ కాంట్రాక్టు కార్మికులే ఎక్కువ. కాంట్రాక్టు మారితే ఉద్యోగం పోవచ్చు. అప్పుడు చాలామందికి ముందుగా గుర్తొచ్చేది నిరుద్యోగ భృతి.

కానీ భృతి వేరు, ఉద్యోగం పోయినవారికి ఇచ్చే భత్యం వేరు.

భృతి ఎవరికి?

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 1 నుంచి నెలకు రూ.2,500 భృతి ప్రకటించింది. అప్పటి నిబంధనల ప్రకారం వయసు 18-35 మధ్య ఉండాలన్నారు. ఇంటర్ (12వ తరగతి) పాసై ఉండాలన్నారు. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.2.5 లక్షలు దాటకూడదన్నారు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజ్‌లో పేరు నమోదై కనీసం రెండేళ్లు కావాలన్నారు. అంటే అది ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువతకు. నిన్నటిదాకా పనిచేసి ఇవాళ రోడ్డున పడిన 40 ఏళ్ల మనిషికి కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న మొదలైన ‘ముఖ్యమంత్రి యువనేస్తం’ కూడా చదువుకున్న యువత కోసమే. మొదట నెలకు రూ.1,000 ఇచ్చారు. 2019లో ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. ఇలాంటి భృతి బడ్జెట్ మీద, పాలకుల నిర్ణయం మీద ఆధారపడుతుంది.

మరి ఉద్యోగం పోయినవారికి?

వారికున్నది ఈఎస్‌ఐ ‘అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన’. నెల జీతం రూ.21,000 లోపు ఉన్నవారికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది. జీతంలో 0.75 శాతం మీ నుంచి, 3.25 శాతం యజమాని నుంచి జమ అవుతుంది. కాబట్టి ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మీరు కట్టిన బీమా.

ఈ పథకం 2018 జులై 1న మొదలైంది. మొదట సగటు రోజు వేతనంలో 25 శాతం ఇచ్చేవారు. కరోనా సమయంలో 2020 మార్చి 24 నుంచి దాన్ని 50 శాతం చేశారు. గరిష్ఠంగా 90 రోజులకు, జీవితంలో ఒక్కసారే ఇస్తారు. ఆ రోజుల్లో ఈఎస్‌ఐ వైద్యం కూడా అందుతుంది.

అర్హత ఏమిటి?

ఉద్యోగం పోయేనాటికి కనీసం రెండేళ్లు ఈఎస్‌ఐ పరిధిలో పనిచేసి ఉండాలి. ఈఎస్‌ఐ చందా కాలాలు ఏడాదికి రెండు: ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి. ఉద్యోగం పోవడానికి ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజులకు, అంతకుముందు మూడింటిలో ఏదో ఒకదానిలో మరో 78 రోజులకు చందా జమై ఉండాలి.

ఎంత వస్తుంది?

ముందరి నాలుగు చందా కాలాల మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు. నెలకు రూ.15,000 చొప్పున రెండేళ్లకు రూ.3,60,000. రోజుకు సుమారు రూ.493. అందులో సగం రూ.246. 90 రోజులకు దాదాపు రూ.22,190. పెద్ద మొత్తం కాదు. కానీ మరో పని దొరికేదాకా ఇంటద్దెకు, బియ్యానికి ఆసరా.

సంతకం దగ్గరే చిక్కు

స్వచ్ఛందంగా పని మానేసినవారికి, క్రమశిక్షణ చర్య కింద తొలగించినవారికి ఈ భత్యం రాదు. ‘రిజైన్ చేసి వెళ్లు, లెక్క త్వరగా తేలుస్తాం’ అని సూపర్‌వైజర్ అంటే తొందరపడి సంతకం పెట్టొద్దు. ఆ ఒక్క కాగితంతో, తీసేసిన ఉద్యోగం మానేసిన ఉద్యోగంగా మారిపోతుంది. తొలగింపు ఉత్తరం అడగండి. ఇవ్వకపోతే పని ఆపమన్న వాట్సాప్ మెసేజ్, పే స్లిప్పులు, హాజరు వివరాలు దాచుకోండి.

ఎలా దరఖాస్తు చేయాలి?

ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత క్లెయిమ్ వేయవచ్చు. ఈఎస్‌ఐసీ పోర్టల్‌లో బీమా నంబరుతో లాగిన్ అయి దరఖాస్తు నింపాలి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ప్రతులు కావాలి. యజమాని ద్వారా పంపాలన్న నిబంధనను 2020లో తీసేశారు. సొమ్ము నేరుగా మీ ఖాతాలో పడుతుంది. ఈ పథకం పొడిగింపుల మీద నడుస్తోంది కాబట్టి, ప్రస్తుత గడువు ఎప్పటిదాకా ఉందో దగ్గర్లోని ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో అడగండి.

ఫ్యాక్టరీయే మూతపడితే 2005 ఏప్రిల్ 1 నుంచి ఉన్న ‘రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన’ గురించి కూడా అక్కడే అడగాలి. అందులో రెండేళ్ల వరకు భత్యం ఉంటుంది: మొదటి ఏడాది వేతనంలో 50 శాతం, రెండో ఏడాది 25 శాతం.

ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవారు చేయాల్సిన పని ఒకటుంది. పోర్టల్ తెరిచి, మీ పేరున చందా ఎన్ని రోజులకు జమైందో చూసుకోండి. జీతంలో కోత పడుతున్నా అక్కడ కనిపించకపోతే ఇప్పుడే బ్రాంచిలో ఫిర్యాదు చేయాలి. ఉద్యోగం పోయాక ఆ లెక్క సరిచేయించుకోవడం చాలా కష్టం.