ఆటోమేటిక్ గేరు బండి వణికితే ముందు ఆయిలు చూడండి

మిల్లుల్లో పని తగ్గినాక మన ఇండ్లల్లో పిల్లోళ్లు చానామంది స్టీరింగు పట్టుకున్నారు. మా రెండోవాడు కూడా అంతే. మేలూరులో ఒక రాళ్ల వ్యాపారి దగ్గర పికప్ బండి తోలతాడు. మన పక్క పికప్పులంటే ముక్కాలు భాగం క్లచ్చు తొక్కి గేరు వేసేవే. ఈ ఓనరు మాత్రం సెకండ్‌హ్యాండులో ఒక ఆటోమేటిక్ బండి కొన్నాడు. క్లచ్చు పెడలు ఉండదు, గేరు దానంతట అదే మారుతుంది.

పోయిన ఐప్పసి నెలలో ఒక రాత్రి వాడు వచ్చి అన్నం ముందర కూర్చొని ముద్ద ఎత్తలేదు. ఏమిరా అంటే, “నాయనా, బండి వణుకుతా ఉండాది. నేనే చెడగొట్టినానని ఓనరు అంటాడు” అన్నాడు. మదురైలో ఒక వర్క్‌షాపులో చూపిస్తే గేరుబాక్సు దించాల, లక్షన్నర అవుతుందని చెప్పినారంట. అందులో సగం జీతంలో పట్టుకుంటానని ఓనరు మాట. వాడి జీతం నెలకు 18,000. ఇంట్లో ఇద్దరు బడికి పోయే పిల్లలు.

నాకు కార్ల సంగతి తెలియదు. చదివింది అయిదో తరగతి. 34 ఏండ్లు మిల్లులో ఉన్నాను, మొదట ఆయిల్‌మ్యాను, తరువాత రింగ్‌ఫ్రేము ఫిట్టరు. మా మేస్త్రీ ఒకటి నేర్పించినాడు: మిషను విప్పే ముందు చెవి పెట్టు, చెయ్యి పెట్టు, ఆయిలు వాసన చూడు. పొల్లాచి, పళని మధ్య 1920లో సొంత బస్సు తోలిన మన జి.డి.నాయుడు గారు కూడా పెద్ద చదువులు చదివినోరు కాదు కదా. సరే, చూద్దామని మర్నాడు పొద్దున్నే వాడి పక్కన ఎక్కి కూర్చున్నాను.

తిరుచ్చి రోడ్డులో కొట్టాంపట్టి పక్కకు పోయినాము. నిదానంగా పోయేటప్పుడు ఏమీ లేదు. 60 దాటి, యాక్సిలరేటరు కొంచెమే తొక్కి సమంగా పోతా ఉంటే, టోల్‌గేటు ముందర వేసే గట్టు గీతల మీద ఎక్కినట్టు గడగడమని రెండు మూడు సెకన్లు వణికింది. గట్టిగా తొక్కితే పోయింది. సమంగా వదిలితే మళ్లీ వచ్చింది. చక్రాల బ్యాలెన్సు తప్పితే ఇట్లా ఉండదు. ఆ వణుకు స్పీడును బట్టి వస్తుంది, కాలు తీసినా పోదు.

మేలూరులో మా వాడికి తెలిసిన చిన్న షెడ్డు ఉంది. అక్కడి మెకానిక్కు తమ్ముడు ఇంకో పరీక్ష చెప్పినాడు. వెనక బండి లేని చోట, వణికేటప్పుడు యాక్సిలరేటరు అట్లే ఉంచి ఎడమకాలితో బ్రేకు పెడలును ఊరికే తాకాల. బ్రేకు పట్టకూడదు, వెనక లైటు వెలిగితే చాలు. తాకినాము. వణుకు టక్కున ఆగిపోయింది. కాలు తీస్తే కాసేపటికి మళ్లీ మొదలు.

ఎందుకంటే, ఈ బండిలో ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య క్లచ్చు ప్లేటు బదులు టార్క్ కన్వర్టరు ఉంటుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి వేస్తే ఆ గాలికి రెండోది తిరుగుతుంది కదా, అదే మాదిరి. గాలి బదులు ఆయిలు. అట్లా తిరిగితే కొంత బలం వృథా. అందుకని స్పీడు అందుకున్నాక లోపల ఒక ప్లేటు వచ్చి రెండింటినీ కలిపి పట్టుకుంటుంది. బ్రేకు తాకితే వదిలేస్తుంది. ఆయిలు చెడితే ఆ ప్లేటు గట్టిగానూ పట్టదు, పూర్తిగానూ వదలదు. పట్టి జారి, పట్టి జారి వణుకుతుంది. పాత మిషన్లలో బెల్టు పుల్లీ మీద ఇట్లాగే కొట్టుకునేది.

ఇంక ఆయిలు చూసే సంగతి. కొన్ని బండ్లకు ఆయిలు చూసే కమ్మి ఉంటుంది. ఇంజను ఆయిలు మాదిరి ఆపి చూస్తే వీటిల్లో చానావాటికి లెక్క తప్పుతుంది. బండి సమమైన నేల మీద ఉండాల, కొంతదూరం తోలి వేడి ఎక్కి ఉండాల, ఇంజను ఆడతా ఉండాల. బ్రేకు తొక్కి పట్టి గేరు కర్రను అన్ని గేర్లలోనూ ఒకసారి నిలిపి పార్కులోకి తెచ్చి, కమ్మి తీసి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడాల. వేడి గుర్తు దగ్గర ఉంటే సరి. కొన్ని కంపెనీల పద్ధతి వేరే, బండి పుస్తకంలో ఉన్నట్టే చేయాల.

మా వాడి బండికి కమ్మి లేదు. కింద ఒక బోల్టు ఉంది. గుంట మీద బండిని సమంగా నిలిపి, ఇంజను ఆడిస్తా, స్కానరులో ఆయిలు వేడి చూసుకొని, పుస్తకంలో రాసిన వేడి వచ్చినప్పుడు ఆ బోల్టు విప్పాల. సన్నగా కారితే సరి. ధారగా వస్తే ఎక్కువ, రాకపోతే తక్కువ. వేడి ఎక్కువైతే ఆయిలు పొంగి లెక్క తప్పుతుంది. ఒక్క జాకీ మీద లేపి ఎవరూ కింద దూరవద్దు. ఆయిలు చెయ్యి కాలుస్తుంది కూడా.

మా బండిలో బోల్టు తీస్తే చుక్క రాలేదు. పాత ఓనరు పాత బిల్లులు కవరులో పెట్టి బండిలోనే వదిలేసినాడు. అవి వెతికితే ఒకటి దొరికింది. కూలరు పైపు కారితే ఎక్కడో రోడ్డుపక్క షాపులో స్టీరింగు ఆయిలు పోసినారు. ఎర్రగా ఉంటే చాలనుకున్నారు కాబోలు. రంగు ఒకటే అయినా గుణం ఒకటి కాదు. పైపు ఇంకా చెమ్మగా కారతానే ఉంది. వేలికి అంటించి చూస్తే ఆయిలు గోధుమరంగుకు తిరిగి ఉంది, కానీ మాడు వాసన లేదు, ఇనుప రజను లేదు. రజను ఉంటే ఆయిలు మార్చినా లాభం లేదు, అప్పుడు దించాల్సిందే.

పైపు మార్చి, పుస్తకంలో చెప్పిన ఆయిలే తెప్పించినాము. ఒకసారి వదిలితే అంతా రాదు, కన్వర్టరులో ఉండిపోతుంది. లెక్కకు మొత్తం 9 లీటర్లు, ఒక తూరికి 3 వస్తాయనుకోండి. మొదటిసారి మార్చినాక పాతది 6, రెండోసారికి 4, మూడోసారికి మూడుకు లోపల. అందుకని మధ్యలో తోలి తోలి మూడుసార్లు మార్చినాము. ఎంత వచ్చిందో డబ్బాలో కొలిచి అంతే పోసి, చివర బోల్టు దగ్గర సరిచూసినాము. ఎక్కువ పోస్తే నురగ కడుతుంది, అదీ చెరుపే. మా స్పిండిళ్లలో ఆయిలు తక్కువైతే వేడెక్కేవి, ఎక్కువైతే నూలు మీద చిమ్మి మరకలయ్యేవి.

పైపు, ఆయిలు, కూలీ అంతా కలిపి 19 వేలు అయింది. మొదటి వారం అప్పుడప్పుడు సన్నగా వణికింది. తరువాత నిలిచిపోయింది. పొంగలు దాటినా మళ్లీ రాలేదు. ఓనరుకు ఆ పాత బిల్లు చూపించినాము. చూసి ఏమీ అనలేదు. జీతంలో కోత వేయలేదు. బండి షెడ్డులో ఉన్న మూడు రోజుల కూలి మాత్రం ఇంకా ఇయ్యలేదు. మా వాడు అడగడానికి మొహమాటపడతాడు. వచ్చే ఒకటో తారీకు నేనే పోయి అడుగుతానన్నాను.